దక్షిణాకాశమున జంట సూర్యులు

జంట నక్షత్రములనగానే తెలుగువారికి మొదట స్ఫురించునవి అరుంధతీ వసిష్ఠులు. పెండ్లిపందిరి వెలుపలికి వధూవరులను తోడ్కొని వచ్చి పురోహితుడు ఉత్తరమునకు చేయి చాచుటయు, కనబడినను కనబడకున్నను వారు తలయూచుటయు మనమెఱిగినదే. పగటి ముహూర్తమునందు సైతము ఈ తంతు జరుగుచునే యుండును. సప్తర్షి మండలమునకు దక్కిన ఈ మన్నన దక్షిణ దిక్కున నున్న మఱియొక జంటకు దక్కలేదు. దానిని చూపు పురోహితుడు లేడు. అరుంధతి కథవంటి కథ దానినిగూర్చి మన యిండ్లలో వినబడదు. ఐనను సూర్యుని విడిచినచో, వట్టి కంటికి కనబడు చుక్కలన్నిటిలో మనకు మిక్కిలి చేరువనున్నది అదియే. ఖగోళ శాస్త్రజ్ఞులు దానిని ఆల్ఫా సెంటారి యందురు.

సెంటారస్ అనగా గ్రీకుల కథలలో నడుము వఱకు నరుడును, ఆ క్రిందు గుఱ్ఱమును ఐన వింత జీవి. మన అమరకోశమునందు కిన్నరునకు తురంగవదనుడను పర్యాయపదము కలదు. మనవాడు గుఱ్ఱపు మొగము గల నరుడు; గ్రీకులవాడు నరుని మొగము గల గుఱ్ఱము. ఊహలు ఇరుగుపొరుగువైనను ముడివేసిన తీరు తలక్రిందైనది. ఆ మండలములో కాంతిచే మొదటిదగుటవలన దీనికి గ్రీకు అక్షరమాలలోని తొలి అక్షరము చేరినది. అరబ్బులు దీనిని ఆ జీవి పాదముగా భావించిరి. రిజిల్ కెంటారస్ అను ప్రాచీన నామము అట్లు వచ్చినదే. అంతర్జాతీయ ఖగోళ సంఘమువారు 2016లో ఆ పేరును జంటలోని పెద్దదానికి స్థిరపఱచి, 2018లో చిన్నదానికి టొలిమాన్ అను పేరు నిచ్చిరి.

ఎచట చూడవలెను?

ఈ చుక్క ఖగోళ విషువద్రేఖకు దాదాపు 61 డిగ్రీల దక్షిణమున నున్నది. అందుచేత లండను, పారిస్ నగరములవారికి అది ఎన్నడును ఉదయింపదు. మనకు ఉదయించును గాని ఎంతో ఎత్తునకు రాదు. మిక్కిలి పైకి వచ్చినపుడు తిరుపతిలో పదునైదున్నర డిగ్రీలు, విజయవాడలో సుమారు పదుమూడు, శ్రీకాకుళములో పదునొకండు, ఆదిలాబాదులో తొమ్మిదిన్నర డిగ్రీల ఎత్తున నుండును. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలగును. కావున దిక్చక్రము మీద ఒకటిన్నర పిడికిలి ఎత్తు లోపలనే దీనిని వెదకవలెను. దక్షిణమున చెట్లును, మేడలును, దీపస్తంభములును లేనిచోటు కావలెను. మే నెల నడుమ రాత్రి పదునొకండు గంటలకును, జూను నడుమ తొమ్మిది గంటలకును అది సరిగా దక్షిణమున నిలుచును.

ఆ సమయమున అచట రెండు ప్రకాశవంతములైన చుక్కలు ఇంచుమించుగ ఒకే ఎత్తున కనబడును. ఎడమవైపుది, ఎక్కువ వెలుగు గలది ఆల్ఫా. కుడివైపుది బీటా. ఈ రెంటిని కలిపిన గీతను కుడివైపునకు పొడిగించినచో నాలుగు చుక్కల చిన్న శిలువ ఆకారము దొరకును. దక్షిణ శిలువ యని పాశ్చాత్యులు పిలుచు ఈ గుంపునే విశ్వామిత్రుడు నిలిపిన త్రిశంకువుగా కొందఱు పండితులు చెప్పుదురు. స్వర్గమున కెక్కక, భూమికి దిగక, దక్షిణ దిక్కున తలక్రిందుగా వ్రేలాడు రాజునకు ఈ అంచున నున్న చోటు తగినదే. శాతవాహనుల నాటి మన పూర్వులకు ఈ చుక్కలన్నియు ఇంకను కొంత ఎత్తున కనబడుచుండెడివి. భూమి అక్షము బొంగరమువలె మెల్లగా తిరుగుట వలన అవి క్రమముగా దిగువకు జారినవి.

ఇచట విద్యార్థులు ఒక విషయము గ్రహింపవలెను. ఆల్ఫా, బీటా చుక్కలు ప్రక్కప్రక్కన కనబడుచున్నవి గాని అవి చుట్టములు కావు. ఆల్ఫా మనకు సుమారు 4.35 కాంతి సంవత్సరముల దూరముననుండగా, బీటా నాలుగు వందల కాంతి సంవత్సరములకు దగ్గఱగా నున్నది. వీధి అరుగు మీది దీపమును, ఊరి చివర కొండమీది దీపమును ఒకే వరుసలో కనబడునట్లే ఇవియు కనబడుచున్నవి. నిజమైన జంట వేఱు. అది ఆల్ఫా అను ఒక్క వెలుగు చుక్కలోనే దాగియున్నది.

పుదుచ్చేరిలో తేలిన గుట్టు

దూరపు కొండలు నునుపు అనుట మన సామెత. దూరమున ఒక్కటిగా కనబడిన ఈ చుక్క నిజమునకు రెండని మొదట తెలిసినది మన గడ్డమీదనే. 1689 డిసెంబరులో ఫ్రెంచివారి పుదుచ్చేరిలో జాన్ రిషో అను జెసూట్ మతాచార్యుడు ఒక తోకచుక్కను దూరదర్శినితో పరిశీలించుచుండెను. ఆ ప్రయత్నములో దృష్టి సెంటారస్ పాదమువైపు మరలగా అచట ఒకటికి బదులు రెండు చుక్కలు అంటుకొన్నట్లు కనబడినవి. ఫ్రాన్సు దేశములోని పెద్ద వేధశాలలకు ఈ చుక్క దిక్చక్రము క్రిందనే యుండిపోవును. పుదుచ్చేరి అక్షాంశమువారికి అది చేతికందిన ఫలము.

కాని రెండు చుక్కలు దగ్గఱగా కనబడినంతమాత్రమున వాని నడుమ బంధుత్వము కలదని చెప్పుట ఎట్లు? ఆల్ఫా బీటాల విషయములో చూచినట్లు అది చూపుల వరుస మాత్రమే కావచ్చును. 1767లో జాన్ మిచెల్ అను ఆంగ్ల పండితుడు సంభావ్యతను లెక్కించి, ఇన్ని చుక్కలు ఇంత దగ్గఱదగ్గఱగా యాదృచ్ఛికముగా అమరుట అసంభవమనియు, వానిలో అనేకములు నిజముగా కూడియుండవలెననియు వాదించెను. ఆ మీదట విలియం హెర్షెల్ ఏండ్ల తరబడి జంట చుక్కలను కొలిచి, కొన్ని జంటలలో చుక్కలు ఒకదానిచుట్టు ఒకటి తిరుగుచున్నవని 1803లో నిరూపించెను. 1827లో ఫెలిక్స్ సవారి అను ఫ్రెంచివాడు సప్తర్షుల దాపున నున్న ఒక జంట కక్ష్యను న్యూటను సూత్రముతో గణించెను. చెట్టునుండి పండును రాల్చు ఆకర్షణయే అంత దూరమున నక్షత్రములను గూడ త్రిప్పుచున్నదని అప్పుడు లోకమునకు రూఢియైనది. జంట నక్షత్రములపై శాస్త్రజ్ఞులకు గల మక్కువ వాని అందమువలన మాత్రమే కలిగినది కాదు. ప్రకృతి నియమము ఒక ఊరికొకటి, ఒక లోకమునకొకటి కాదని సాక్ష్యమిచ్చినవి అవి.

దూరము కొలిచినవాని ఆలస్యము

చాచిన చేతి వ్రేలిని ఒక కన్ను మూసి, మఱల రెండవ కన్ను మూసి చూచినచో వెనుక గోడమీద ఆ వ్రేలు అటునిటు జరిగినట్లు తోచును. భూమి సూర్యునిచుట్టు తిరుగునపుడు దగ్గఱి చుక్కలును ఇట్లే దూరపు చుక్కలనడుమ ఏటికొకసారి అటునిటు ఊగినట్లు కనబడవలెను. ఈ ఊగును లంబనమందురు. భూమి తిరుగుచున్న మాట నిజమైనచో ఈ లంబనము కనబడి తీరవలెనని కోపర్నికసు కాలమునుండి వెదకిరి, కనబడలేదు. చుక్కలు ఊహింపరానంత దూరముననుండుటయే దానికి కారణము.

స్కాట్లండునకు చెందిన థామస్ హెండర్సన్ న్యాయవాదుల కార్యాలయములలో గుమాస్తాగా బ్రతుకు ప్రారంభించి, ఖగోళ శాస్త్రమును స్వయముగా నేర్చినవాడు. అతడు 1832, 1833 సంవత్సరములలో దక్షిణాఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రమునందలి వేధశాలకు అధికారియై దక్షిణాకాశపు చుక్కల స్థానములను కొలిచెను. అపుడు సెంట్ హెలీనా దీవినుండి మాన్యుయల్ జాన్సన్ అను పరిశీలకుడు, ఆల్ఫా సెంటారి ఆకాశముపై మిక్కిలి వేగముగా జరుగుచున్నదని అతనికి తెలియజేసెను. ఆ వేగము ఏటికి 3.7 వికళలు. డిగ్రీలో అఱువదవ వంతు కళ, కళలో అఱువదవ వంతు వికళ. అనగా ఈ చుక్క నిండు చంద్రుని వెడల్పంత జరుగుటకు ఐదు వందల యేండ్లు పట్టును. మనకిది నత్తనడకగా తోచును గాని నక్షత్రములలో ఇది పరుగు. వేగముగా జరుగునట్లు కనబడునది దగ్గఱ నుండవచ్చునని హెండర్సన్ ఊహించెను. రైలుబండిలో పోవువానికి దగ్గఱి తంతి స్తంభములు వెనుకకు పరుగెత్తినట్లును, దూరపు తాటిచెట్లు నిలిచినట్లును తోచునుగదా!

అతడు స్వదేశమునకు తిరిగివచ్చి లెక్కలు కట్టగా లంబనము బయటపడెను. ఐనను ప్రకటింపలేదు. అంతకుముందు పలువురు ఇట్టి లంబనములను కనుగొంటిమని చాటి, తప్పులని తేలి నవ్వులపాలైరి. అందుచే అతడు మఱికొన్ని కొలతలకై వేచియుండెను. ఇంతలో 1838 చివర జర్మనుడైన బెసెల్, హంస మండలములోని 61వ చుక్క దూరమును ప్రకటించెను. నక్షత్ర దూరమును మొదట కొలిచిన కీర్తి అతనికి దక్కెను. హెండర్సన్ తన ఫలితమును 1839 జనవరిలో ప్రకటించెను. బెసెల్ కంటె ముందుగనే కొలతలు తీసియున్నను, చెప్పుటలో కొలది వారములు వెనుకబడెను.

మన భాషలో నిదానమే ప్రధానమను సామెతయు కలదు. ఆలస్యమున అమృతము విషమగునను సామెతయు కలదు. హెండర్సన్ చరిత్రకు ఏది అన్వయించునో విద్యార్థులే యోచింపవలెను. అతని మొదటి లెక్కలో లంబనము ఒక వికళకు మించి వచ్చెను. నేటి ఖచ్చితమైన విలువ 0.75 వికళ మాత్రమే. అనగా అతడు ఆ చుక్కను ఉన్నదానికంటె చాల దగ్గఱకు తెచ్చినాడు. అతని శంక నిష్కారణము కాదు. కాని తాను చేసిన పనిని తెలిసినంత మేరకు, సందేహములతోసహా లోకము ముందుంచుట కూడ శాస్త్రధర్మమే. నా మట్టుకు నేను అతని జాగ్రత్తను గౌరవింతును. అతని మౌనమునకు విచారింతును.

0.75 వికళ యనగా ఎంత? ఒక రూపాయి బిళ్లను ఆఱు కిలోమీటర్ల దూరమున నిలిపి చూచినచో అది ఎంత కోణము చేయునో అంత. దానివలన తేలిన దూరము 41 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇట్టి అంకెలు నోటికి వచ్చును గాని మనస్సునకు రావు. అందుచే ఒక నమూనా చెప్పుదును. భూమికిని సూర్యునకును గల దూరమును ఒక మీటరుగా భావింపుడు. అపుడు సూర్యుడు శనగగింజంత యుండును. ఆ గింజను హైదరాబాదులో నుంచినచో ఆల్ఫా సెంటారి విజయవాడలో, 275 కిలోమీటర్ల దూరమున, మఱి రెండు శనగగింజలుగా నుండును. ఈ నడుమ దారిలో మనమెఱిగిన మఱియొక నక్షత్రము లేదు. సెకనుకు 17 కిలోమీటర్లు పోవు వాయేజరు నౌక అంత దూరము పోవుటకు 75 వేల యేండ్లకు మించి పట్టును.

కావడి న్యాయము

విజయవాడలోని ఆ రెండు గింజలనడుమ సగటు దూరము 23 మీటర్లు. కాని అవి వలయాకారమున తిరుగవు. కోలగానున్న దీర్ఘవృత్తములలో తిరుగును. ఒకప్పుడు 11 మీటర్ల దగ్గఱకు వచ్చును. మఱియొకప్పుడు 35 మీటర్ల దూరమునకు పోవును. మన సౌరకుటుంబపు కొలతలలో చెప్పవలెనన్న, శని కక్ష్యకు కొంచెము ఆవలివఱకు సమీపించి, మఱల నెప్ట్యూను కక్ష్యను దాటి విడిపోవును. ఒక చుట్టు తిరుగుటకు దాదాపు 80 సంవత్సరములు పట్టును. కడపటిసారి అవి మిక్కిలి దగ్గఱకు వచ్చినది 1955లో. మఱల వచ్చునది 2035లో. 1955లో పుట్టినవారు తమ సహస్ర చంద్ర దర్శనపు ఉత్సవము నాటికి ఆ నక్షత్రములకు ఒక్క సంవత్సరము గడచినదని చెప్పుకొనవచ్చును.

ఈ కొలతలనుండియే ఆ సూర్యుల బరువు తెలియును. లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి లొంగునదే. సగటు దూరమును భూమి-సూర్యుల దూరముతో కొలిచి ఘనము చేయవలెను; కాలమును సంవత్సరములలో కొలిచి వర్గము చేయవలెను; ఘనమును వర్గముతో భాగింపవలెను. 23.3 ఘనము 12,649. 79.8 వర్గము 6,368. భాగించిన వచ్చునది 1.99. అనగా ఆ రెండు నక్షత్రముల మొత్తము ద్రవ్యరాశి మన సూర్యుని వంటివి రెంటికి ఇంచుమించు సమానము. కెప్లరు కనుగొని, న్యూటను సవరించిన ఈ చిన్న సూత్రమునకు త్రాసు లేదు, తూకపురాళ్లు లేవు. కాగితమును పెన్సిలును చాలును. ఒంటరిగా నున్న నక్షత్రమును ఇట్లు తూచుటకు వీలులేదు. దానిచుట్టు తిరుగునది ఏదియు కనబడనిచో దాని ఆకర్షణను కొలుచు సాధనమేది? నక్షత్రముల బరువులను గూర్చి మనకు తెలిసినదానికి పునాది ఇట్టి జంటలే.

మొత్తమును ఇద్దఱికి పంచుట కావడి న్యాయమున జరుగును. కావడి మోయువాడు రెండువైపుల బరువు సమానము కానిచో బద్దను బరువైన వైపు దగ్గఱకు భుజముమీద జరుపుకొనును. ఈ రెండు నక్షత్రములును తమనడుమ నున్న ఒక బిందువు చుట్టు తిరుగుచున్నవి. ఆ బిందువు పెద్దదానికి కొంచెము దగ్గఱగా నున్నది. ఆ దూరముల నిష్పత్తి ననుసరించి పెద్దది మన సూర్యునికి 1.08 రెట్లు, చిన్నది 0.91 వంతు బరువు గలవని తేలినది.

వారి స్వభావములును అట్లే కొంచెము వేఱు. పెద్దవాని ఉపరితలపు ఉష్ణము మన సూర్యునితో ఇంచుమించు సమానము, సుమారు 5,800 డిగ్రీలు. రంగును అదియే. వ్యాసము సూర్యునికి 1.22 రెట్లు, వెలుగు ఒకటిన్నర రెట్లు. చిన్నవాడు సుమారు 5,200 డిగ్రీల ఉష్ణముతో కొంచెము నారింజ వన్నె గలిగి, సూర్యుని కాంతిలో సగము మాత్రమే యిచ్చును. బరువులో ఆఱవవంతు మాత్రమే తగ్గినను వెలుగు మూడవవంతునకు పడిపోయినది. నక్షత్రము యొక్క గర్భమున హైడ్రొజను హీలియముగా మాఱు వేగము బరువుతోపాటు మిక్కిలి త్వరితముగా పెరుగుటయే దీనికి కారణము. బరువైన నక్షత్రము ఆస్తి ఎక్కువైనను దుబారా అంతకుమించి యుండుటచే ముందుగా దివాలా తీయును. పొదుపరియైన చిన్నవాడు ఎక్కువ కాలము వెలుగును. ఒకే మేఘమునుండి ఒకే కాలమున పుట్టినవారగుటచే ఈ తేడాలన్నియు బరువువలన కలిగినవే యని నిశ్చయముగా చెప్పవచ్చును. మన సూర్యునకు ఇట్టి అన్నదమ్ములను ప్రక్కన నిలిపి పోల్చిచూచు అవకాశము ఇంత దగ్గఱ మఱెచటను లేదు.

మఱుగున నున్న మూడవవాడు

1915లో జొహానెస్‌బర్గు నగరములోని యూనియన్ వేధశాలలో రాబర్ట్ ఇన్నెస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు వేర్వేఱు కాలములయందు తీసిన రెండు ఛాయాచిత్రములను పోల్చి చూచుచు, ఈ జంటతోపాటు ఒకే వేగముతో ఒకే దిక్కునకు జరుగుచున్న ఒక మసక చుక్కను కనుగొనెను. అది జంటనుండి ఆకాశమున రెండు డిగ్రీలకు మించి, నాలుగు నిండు చంద్రుల వెడల్పంత ఎడముగా నున్నది. దూరదర్శిని లేక దానిని చూడజాలము. దానిని ప్రాక్సిమా యని పిలిచిరి. ఆ లాటిన్ మాటకు అతి సమీపమైనదని అర్థము. పేరు సార్థకమే. అది 4.25 కాంతి సంవత్సరముల దూరమున, జంటకంటెను మనకు కొంచెము దగ్గఱగా నున్నది. మన నమూనాలో విజయవాడకు పదుమూడు కిలోమీటర్ల ఇవతల నొక ఆవగింజ. దాని బరువు సూర్యునిలో ఎనిమిదవ వంతు. వెలుగు ఆఱువందలవ వంతు కూడ కాదు. ఇది ఆ జంటచుట్టు ఒకసారి తిరుగుటకు ఐదు లక్షల యేండ్లకు మించి పట్టునని 2017లో గణించిరి. అంతవఱకు ఇది బంధువా, బాటసారియా యను సంశయము పూర్తిగా తీరలేదు.

కావున పాఠశాల ప్రశ్నపత్రములలో తఱచుగా కనబడు "మనకు అతి సమీపముననున్న నక్షత్రమేది?" అను ప్రశ్నకు సరియైన సమాధానము సూర్యుడు. సూర్యుని తరువాత అన్నచో ప్రాక్సిమా. వట్టి కంటికి కనబడునది అన్నచో ఆల్ఫా సెంటారి. మూడు ప్రశ్నలను ఒక్కటిగా కలిపి అడిగి, బిడ్డ వ్రాసిన సరియైన సమాధానమునకు సున్న వేయుట న్యాయము కాదు.

గ్రహముల వేట

ఇంత దగ్గఱ ఉన్న సూర్యులకు భూమివంటి బిడ్డలు గలరా? ఈ ప్రశ్నకు మనవైపును ఒక పూర్వకథ కలదు. మద్రాసు వేధశాల అధికారియైన కెప్టెన్ జేకబ్ 1855లో సర్పధరుని మండలములోని 70వ చుక్కయను జంట కక్ష్యలో కొంత వంకర గమనించి, కనబడని గ్రహమువంటిది ఏదియో దానిని లాగుచున్నదని ప్రకటించెను. తరువాతి కొలతలు దానిని బలపఱుపలేదు. కాని కనబడనిదానిని దాని లాగుడువలన పట్టవచ్చునను ఆలోచన సరియైనదే. ఆ ఆలోచనతోనే 2016లో ప్రాక్సిమా చుట్టు 11.2 దినములకొకసారి తిరుగు గ్రహమును కనుగొనిరి. దాని బరువు కనీసము భూమియంత. అక్కడి ఎండ నీరు నిలుచుటకు తగినంతయే కాని, ప్రాక్సిమా అప్పుడప్పుడు మహాజ్వాలలు గ్రక్కు కోపిష్ఠి నక్షత్రము. ఆ గ్రహమున గాలి నిలిచినదో లేదో ఇంకను తేలవలసియున్నది.

జంటలోని చిన్నవానిచుట్టు భూమియంత గ్రహము కలదని 2012లో గొప్ప వార్త వెలువడెను. 2015లో వేఱొక బృందమువారు అవే కొలతలను మఱల పరిశీలించి, ఆ సంకేతము కొలతలు తీసిన తీరువలన పుట్టిన నీడయే గాని గ్రహము కాదని చూపిరి. మొదటివారు తమ కొలతలను దాపక లోకమునకు అందించియుండుటచేతనే ఈ దిద్దుబాటు సాధ్యమైనది. హెండర్సన్ సంశయముతో మూసిపెట్టినదానికిని, వీరు తెఱచియుంచి తప్పు దిద్దబడినదానికిని గల భేదమును నేను తరగతిలో తప్పక చెప్పుదును. దిద్దుబాటును అవమానముగా భావింపని చోటనే విద్య పెరుగును.

పెద్దవానిచుట్టు శనియంత బరువు గల గ్రహము ఉండవచ్చునని, జేమ్స్ వెబ్ దూరదర్శిని 2024 ఆగస్టులో తీసిన చిత్రముల నాధారముగా 2025లో ప్రకటించిరి. 2025 ఫిబ్రవరి, ఏప్రిలు మాసములలో మఱల చూడగా అది కనబడలేదు. సూర్యుని వెలుగులో దాగినదో, లేనేలేదో రూఢి కావలసియున్నది. ఐనను గణితము ఒకటి చెప్పుచున్నది. జంటలోని ప్రతి నక్షత్రము చుట్టు, భూమి-సూర్యుల దూరమునకు రెండు రెట్లకు పైబడిన మేర వఱకు గ్రహములు చెదరక తిరుగవచ్చును. అంతకు మిక్కిలి దూరమునకు పోయినచో రెండవ సూర్యుని లాగుడు వానిని నిలువనీయదు.

అట్టి గ్రహమొకటి పెద్దవాని చుట్టు ఉన్నచో అచటి ఆకాశమెట్లుండును? రెండవ సూర్యుడు మన నిండు చంద్రునికంటె నూటయేబది రెట్లకు తగ్గక, దగ్గఱకు వచ్చిన యేండ్లలో వేయి రెట్లకు మించి వెలుగును. ఏటిలో కొన్ని నెలలు అది పగలే యుదయించి కలసిపోవును. కొన్ని నెలలు రాత్రియంతయు నిలిచి చీకటిని రానీయదు. అమావాస్య యను మాటకు అచట అర్థముండదు. చీకటి పడిన నెలలలో ఆకాశము చూచినచో, మనము కాసియోపియా యని పిలుచు ఐదు చుక్కల వంకరగీత అచటను ఇంచుమించు అట్లే కనబడును. కాని ఆ గీత చివర ఆఱవ చుక్క యొకటి అదనముగా నుండును. అది మన సూర్యుడు. భూమియు, దానిమీది మనమును ఆ వెలుగులో కలసి కనబడము.

ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. ఈ జంట ప్రతి యేడును వేసవి సెలవులలో, బడులు తెఱచు దినములలో మన దక్షిణ దిక్కున నిలుచును. దానికి రుసుము లేదు. మబ్బు లేని రాత్రి, ఊరి దీపములకు దూరముగా, చెఱువుగట్టు మీదనో సముద్రపుటొడ్డుననో పిల్లలను నిలిపి, పిడికిలితో ఎత్తు కొలువనిండు. ఎడమవైపు చుక్కను చూపి, ఇప్పుడు కంటబడుచున్న వెలుగు నాలుగు సంవత్సరముల నాలుగు నెలల క్రిందట బయలుదేరినదని చెప్పుడు. ఐదవ తరగతి బిడ్డ ఆ వెలుగు బయలుదేరిన నాటికి అక్షరములు దిద్దుచుండెనేమో లెక్కవేసికొనును. ఒక చిన్న దూరదర్శిని దొరికినచో చుక్క రెండుగా విడిపోవుటను గూడ చూపుడు. అది దిక్చక్రమునకు దగ్గఱగా నుండుటచే కొంత వణకుచు కనబడును. గాలి నిలుకడగా నున్న క్షణమునకై ఓపికతో వేచియుండవలెను. పిల్లలలో ఎవరైన "నాకు ఒకటే కనబడుచున్నది" అన్నచో, పెండ్లిపందిరిలో వలె తల యూపింపకుడు. మఱల చూడుమని చెప్పుడు.